మోంసెగూర్ కొండ కింద పచ్చిక

దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వచ్చి మూడేళ్లయినా మోంసెగూర్ కొండకోటకి వెళ్లడం కుదరలేదు. నిన్న వెళ్లాను. 1207 మీటర్ల ఎత్తు. పార్కింగ్ నుంచి కోట దాకా ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి.

నన్ను ఆపేసింది మాత్రం కోట కాదు. (ఇప్పుడు కనిపించే గోడలు ఎలాగూ తర్వాత కట్టినవే.) దారి మొదట్లో, పచ్చికలో ఒక రాతి స్తంభం. దాని మొదట్లో ఎవరో పెట్టిన పూలు, అప్పటికే వాడిపోయాయి. పక్కన నాలుగైదు గులకరాళ్లు. ఆ చోటు పేరు స్థానిక ఆక్సిటన్ భాషలో "కాలిపోయినవాళ్ల పచ్చిక".

1244 మార్చి 16న ఈ కొండ కింద రెండు వందల మందికి పైగా కాథార్లను సజీవదహనం చేశారు. వాళ్లూ క్రీస్తునే నమ్మారు. కాకపోతే కంటికి కనిపించే ఈ లోకాన్ని చేసింది చెడ్డ శక్తి అన్నారు. వాళ్ల గురువులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు, ఒట్టు వేయరు, పోప్ మాట అసలే వినరు. మతద్రోహులని ముద్ర వేయడానికి అంతకన్నా ఏం కావాలి!

పది నెలల ముట్టడి తర్వాత కోట లొంగింది. రెండు వారాల గడువిచ్చారు. నమ్మకం వదులుకుంటే ప్రాణం దక్కుతుంది. సైనికులకైతే ఎలాగూ క్షమాభిక్ష ఉంది. అలాంటిది, గడువు ముగిసేముందు ఇరవై మంది దాకా కొత్తగా దీక్ష తీసుకున్నారు. వాళ్లలో కోటను కాపాడిన సైనికులూ ఉన్నారు. తీసుకుంటే మంటల్లోకే అని తెలిసి మరీ! నాకు అక్కడే బుర్ర ఆగిపోయింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, "అంత కొండెక్కావు కదా, పైన గుడేమైనా ఉందా?" అంది.

"లేదమ్మా, గాలి ఒకటే" అన్నాను.