‘హ్యావ్’ అనే క్రియకు తెలుగు ఏది?

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం ఇంగ్లీషు నోటుపుస్తకం పట్టుకొచ్చి, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్న వాక్యం కింద టీచరుగారు గీసిన ఎర్రగీత చూపించి, “ఇద్దరు తమ్ముళ్ళూ ఇప్పుడు ఉన్నారు కదా బాబాయ్, మరి ‘హ్యావింగ్’ అంటే తప్పేముంది?” అని నిలదీసింది. ఆ ఎర్రగీత నాకు పాత పరిచయమే. నా మొదటి ఉద్యోగపు ఇంటర్వ్యూలో నేనూ అచ్చంగా ఆ మాటే అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన పైకి ఏమీ అనకుండా పెదవి బిగించి నవ్వాపుకోవడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

చిక్కంతా ఎక్కడుందంటే, ‘హ్యావ్’కు సాటివచ్చే క్రియ మనకు లేదు. ఇంగ్లీషులో మనిషి కర్తగా నిలబడి వస్తువును తనదిగా పట్టుకుంటాడు. తెలుగులో వస్తువే కర్త. అది ఉంటుంది, మనిషి దానికి చోటు మాత్రమే. అందుకే ‘నాకు కారు ఉంది’, ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు’ అన్నప్పుడు క్రియ కారును బట్టీ తమ్ముళ్ళను బట్టీ మారుతుందే తప్ప నన్ను బట్టి మారదు. చిన్నప్పుడు బట్టీపట్టిన ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అనే షష్ఠీ విభక్తిలోవే ‘నాకు’, ‘నాలో’ రెండూ. పైగా మన పద్ధతిలో ఇంగ్లీషుకు అందని తేడాలున్నాయి. ‘ఆయనకు డబ్బుంది’ అంటే ఆస్తిపరుడని. ‘ఆయన దగ్గర డబ్బుంది’ అంటే ప్రస్తుతానికి జేబు నిండుగా ఉందని, ఆ డబ్బు అప్పుగా తెచ్చిందైనా కావచ్చు. ఈ రెంటికీ ఇంగ్లీషువాడు ‘హి హ్యాజ్ మనీ’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాడు.

బడిలో ‘హ్యావ్’ అంటే ‘కలిగి ఉండు’ అని చెప్పడంతోనే ఈ తప్పు మొదలైందని నా అనుమానం. ‘కలిగి ఉన్నాను’లోని ‘ఉన్నాను’ను ‘యామ్’గానూ, ‘కలిగి’ని ‘హ్యావింగ్’గానూ మార్చుకుంటూ పోతే తేలేది ఆ ఎర్రగీత వాక్యమే. ‘నేను ఇద్దరు తమ్ముళ్ళను కలిగి ఉన్నాను’ అని ఏ తెలుగు ఇంట్లోనూ ఎవరూ అనరు, ఫోన్ల ప్రకటనల్లో మాత్రం ‘ఈ ఫోన్ పెద్ద తెరను కలిగి ఉంది’ అని నిర్భయంగా రాసేస్తారు. అసలు ‘కలుగు’ మనకు వేరే పనులకు ఉంది: సంతానం కలుగుతుంది, సందేహం కలుగుతుంది, కలిగిన కుటుంబమంటే డబ్బున్న కుటుంబం.

పాపకు నేను చెప్పిన ఉపాయం ఇది. ‘హ్యావ్’ స్థానంలో తెలుగున ‘ఉంది’, ‘ఉన్నారు’ వస్తే ‘ఇంగ్’ చేర్చకూడదు. ‘తినడం’, ‘తాగడం’, ‘చేయడం’ వస్తే చేర్చవచ్చు. భోజనం చేస్తున్నాను కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపంగా ఒప్పే. ‘ఇబ్బందిగా ఉంది’ అనేచోట ‘హ్యావింగ్ ట్రబుల్’ అనడం వంటివి ఈ ఉపాయానికి లొంగవు, కానీ ఎనిమిదో తరగతికి ఇది చాలు. ‘ఐ హ్యావ్ టు గో’ను మనం ‘వెళ్ళాలి’ అని ఒక్క మాటలో ముగిస్తాం. అక్కడ ‘హ్యావ్’ను ‘హ్యాఫ్’ అని పలకాలనేది మాత్రం ఆమెకు భలే నచ్చింది.

ఇంతలో మా అన్నయ్య కటింగ్ చేయించుకుని వచ్చాడు. పాప వెంటనే ‘డాడీ కట్ హిజ్ హెయిర్’ అంది. అలా అంటే నాన్నే కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నాడనే అర్థం వస్తుందనీ, మంగలి చేత చేయించుకున్నాడని చెప్పడానికి ‘డాడీ హ్యాడ్ హిజ్ హెయిర్ కట్’ అనాలనీ చెప్పాను. మన ‘చేయించుకున్నాడు’లో చేయడం, చేయించడం, తన కోసం చేయించుకోవడం మూడూ ఒకే మాటలో ఇమిడిపోయాయి, ఇంగ్లీషులో ఆ పని కోసం మళ్ళీ ‘హ్యావ్’నే పిలవాలి, అదీ ‘కట్’ అనే మాటను వాక్యం చివరికి నెట్టి. పాప ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని, “మనదే సులువు బాబాయ్” అంటూ పుస్తకం మూసేసింది.