మా ప్లాటులో తీతువు కాపురం

షాద్‌నగర్ దగ్గర మా ప్లాటులో బోరు పాయింటు చూపిద్దామని ఏప్రిల్లో వెళ్లాను. నాకంటే ముందే అక్కడ కాపురం పెట్టేశారు. హద్దురాయి పక్కన కంకరలో తీతువు గుడ్లు, నాలుగు. గూడంటూ ఏమీ లేదు, చిన్న గుంట అంతే. మట్టిరంగు మీద నల్లమచ్చలు. తల్లిపిట్ట నెత్తిమీదకి దూసుకొచ్చి తిట్టకపోతే తొక్కేసేవాణ్ణే.

మర్నాడే కెమెరాతో దిగాను. నేలమీద పాక్కుంటూ దగ్గరికి వెళ్లబోయాను. అది లేచిపోయి దూరాన నిలబడి ఒకటే అరుపు. నేను ఫోకస్ సరిచూసుకుంటూ కూర్చున్నాను, గుడ్లేమో ఎండలో. పది నిమిషాలకి గానీ ఆ సంగతి తట్టలేదు. సిగ్గేసి వచ్చేశాను.

ఆ తర్వాత కారు దిగడం మానేశాను. మనిషిని చూస్తే గోల చేసే పిట్ట కారుని పట్టించుకోదు. ఇంజన్ ఆపి, అద్దం సగం దించి, దానిమీద రెండు కేజీల బియ్యం సంచి పెట్టి లెన్స్ ఆనిస్తే చాలు, ట్రైపాడ్ దండగ. అదే నడుచుకుంటూ వచ్చింది, నాలుగడుగులు వేయడం, ఆగడం. కంటిముందు ఎర్రటి తోలు, ఎర్రముక్కుకి నల్లటి కొస, పసుపు కాళ్లు. తొమ్మిది దాటితే నేల సెగకి ఫోటోలన్నీ అలుక్కుపోయినట్టు వస్తాయి, ఎంత ఖరీదు లెన్స్ అయినా అంతే.

నాకు నచ్చిన ఫోటో మాత్రం ఆ సెగలో తీసిందే. నీటిగుంటలో పొట్ట తడుపుకొచ్చి గుడ్లమీద కూర్చుంటోంది, చల్లబరచడానికి. ఈకల చివర ఒక చుక్క వేలాడుతోంది. అమ్మకి పంపితే, "తీతువు కూత మంచిది కాదురా, ప్లాటు అమ్మేయ్" అంది.

నాలుగో ఆదివారం వెళ్లేసరికి గుడ్లు లేవు. కుక్కలు తినేశాయనుకున్నాను. అంతలో టైరు ముందున్న రాయి ఒకటి లేచి పరుగెత్తింది! తల్లి ఒక్క కూత కూయగానే మళ్లీ రాయైపోయింది. ఎన్ని పిల్లలున్నాయో, ఎక్కడెక్కడ నక్కాయో. కారు స్టార్ట్ చేయడానికి చెయ్యి రాలేదు. గంటన్నర అలాగే కూర్చున్నాను.

మా ఆవిడ ఫోన్. "బోరు పాయింటు తేలిందా?"