పానా పోయిన రాత్రి: రన్‌వే పనిలో నా అనుభవం

ఫైనల్ బిల్లు పాసయింది, డబ్బు ఖాతాలో పడింది. ఒక్క పెనాల్టీ మాత్రం కోసుకున్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను. ఏ ఎయిర్‌పోర్టు, మెయిన్ కాంట్రాక్టరు ఎవరు అని మాత్రం అడగొద్దు. రోజూ విమానాలు దిగుతున్న ఎయిర్‌పోర్టు. పాత రన్‌వే పైపొర గీకేసి కొత్త తారు పొర వేసే పని. అందులో నేను సబ్ కాంట్రాక్టర్‌ని. దానికి ముందు చాలా ఏళ్ళు హైవేలు వేశాను.

"హైవే వేసినోడికి రన్‌వే ఎంత, 45 మీటర్ల వెడల్పు రోడ్డే కదా" అని మా వాళ్ళందరూ అన్నారు. తారు వరకు అది నిజమే. తారు మిక్స్ చేసే ప్లాంటు, దాన్ని పరిచే పేవరు, రోలర్లు అన్నీ అవే. నునుపులో మాత్రం పట్టింపు ఎక్కువ. 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే తిన్నటి పట్టీ, పెడితే కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు కనపడకూడదు. మా పొర మీద ఆ టెస్టు చేసిన కుర్రాడు కొలిచి కొలిచి విసుగెత్తి టీకి వెళ్ళిపోయాడు. గొప్ప చెప్పుకుంటున్నాను అనుకున్నా ఫర్వాలేదు, మా మేస్త్రీల చేతిపని అలాంటిది.

అసలు తేడా అంతా గేటు దగ్గరే ఉంది.

ముందు తేలిగ్గా అయినవి చెప్పేస్తాను. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల హాట్ మిక్స్ ప్లాంటు పెడితే దాని పొగగొట్టానికీ, ఎత్తు క్రేన్లకూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, కావాలి. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. సముద్రమట్టం నుంచి నేల ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు మంచి సర్వేయరుతో కొలిపిస్తే పేచీ ఉండదు. టిప్పర్లకు నెత్తిన బీకన్ లైటు, లోపల తిరగడానికి వర్తించే ఇన్సూరెన్సు, డ్రైవర్లకు లోపల బండి నడిపే పర్మిట్. ఇవన్నీ ఖర్చే గానీ తలనొప్పి కాదు.

పాసులు కొంచెం తిప్పలు పెట్టాయి. లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ ఎంట్రీ పాస్ కావాలి, దానికి ముందు పోలీస్ వెరిఫికేషన్ కావాలి. మా వాళ్ళలో సగం శ్రీకాకుళం వైపు, మిగతావాళ్ళు ఒడిశా, జార్ఖండ్. ఎవరి కాగితం వాళ్ళ సొంతూరి స్టేషన్‌కే పోతుంది. దానికి తోడు మన ఇంటిపేర్ల గొడవ ఒకటి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ముందుంటుంది, ఓటరు కార్డులో పూర్తిగా రాసి వెనక ఉంటుంది. ఇద్దరు మనుషులా ఒకరా అని అడుగుతారు. వర్క్ ఆర్డరు చేతికి రాకముందే, పని మనకే ఇస్తామని లెటర్ ఆఫ్ ఇంటెంట్ వచ్చిన రోజే మనుషుల కాగితాలు సరిచేయించడం మొదలుపెట్టండి. అవసరానికి మించి మనుషులకు పాసులు పెట్టండి. సంక్రాంతికి ఊరెళ్ళినవాడి బదులు ఇంకొకణ్ణి తెచ్చి అదే రాత్రి లోపలికి పంపడం అయ్యే పని కాదు.

ఇక రాత్రి పని. రాత్రి ఇన్ని గంటల నుంచి పొద్దున్న ఇన్ని గంటల దాకా రన్‌వే మూసి ఉంటుందని నోటామ్ ఇస్తారు, అంటే విమానాలు నడిపేవాళ్ళకు ముందస్తు నోటీసు. ఆ నోటామ్ చూసుకునే ఎయిర్‌లైన్లు విమానాల టైములు పెట్టుకుంటాయి. కాబట్టి మనం తెరిచే టైమ్ నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. ఆఖర్న ఎయిర్‌పోర్టు ఆపరేషన్స్ వాళ్ళ తనిఖీ. దానికి ముందు ఊడ్పు. ఇంకా ముందు వేసిన పొర చల్లారడానికి టైమ్. దానికీ ముందు, కొత్త పొర ఆగిన చోట పాత దానికి కలుపుతూ వాలుగా ర్యాంపు, విమానం చక్రం ఎగిరిపడకుండా. ఇవన్నీ తీసేస్తే తారు పోయడానికి మిగిలేది చాలా కొద్ది గంటలు. ఆ గంటల్లోంచి కూడా గేటు దగ్గర తనిఖీ కొంత తినేస్తుంది. మనిషిని, బండిని, చివరికి పార కర్రను కూడా చూస్తారు. లోపలికి వెళ్ళే ప్రతి పనిముట్టూ రిజిస్టర్లో రాస్తారు, బయటికి వచ్చేటప్పుడు లెక్క సరిపోవాలి.

అలా ఎందుకో ట్రైనింగ్‌లోనే చెప్పారు. 2000 జులైలో పారిస్‌లో కాంకర్డ్ విమానం కూలింది. దాని ముందు వెళ్ళిన విమానం నుంచి దాదాపు మూరెడు పొడవు లోహపు పట్టీ రన్‌వే మీద పడింది. కాంకర్డ్ టైరు దాని మీదెక్కి పేలింది, ముక్కలు తగిలి ఇంధనం ట్యాంకు చిల్లుపడి మంటలు లేచాయి. 113 మంది పోయారు. అది విన్నాక మా కుర్రాళ్ళు బీడీ ముక్క కూడా కింద పడేయలేదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. పని ముగిసింది, ఊడ్పు నడుస్తోంది. మా సూపర్‌వైజరు పనిముట్లు లెక్కపెట్టి నా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక పానా తక్కువ.

వెంటనే రేడియోలో చెప్పించాను. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో కాంకర్డ్ కథ విన్నవాడికి చెప్పక్కర్లేదు. అందరం వరసగా నిలబడి, చేతికి చెయ్యి తగిలేంత దగ్గరగా, టార్చీలతో ఆ రాత్రి తిరిగిన నేలంతా నడిచాం. టిప్పర్ల తొట్లు వెతికాం. పేవరు కింద దూరి చూశాం. నాకు మోకాళ్ళ నొప్పులు. వంగి చూస్తుంటే మా మేస్త్రి "మీరు వంగకండి బాబూ, మేం ఉన్నాం కదా" అన్నాడు. తూర్పున తెల్లబడుతోంది, మాకు టెన్షన్ పెరిగిపోతోంది.

అప్పుడు దిగాడు మెయిన్ కాంట్రాక్టరు తాలూకు మేనేజరు. నా కొడుకు వయసు ఉంటుంది. ఎయిర్‌పోర్టు వాళ్ళ ముందు, మా కూలీల ముందు, "ఏవయ్యా, రోడ్లేసుకునేవాళ్ళని తెచ్చి ఇక్కడ పెడితే ఇంతే. పానా జాగ్రత్త చేసుకోలేనివాడివి రన్‌వే ఏం వేస్తావ్" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఏవయ్యా అన్నవాడు లేడు. మా కుర్రాడొకడు ముందుకు రాబోతే చెయ్యి పట్టి ఆపాను. అక్కడ గొడవైతే పాసు రద్దవుతుంది, మర్నాటి నుంచి వాడికి కూడు ఉండదు. నేను నోరు మూసుకుని మళ్ళీ వంగి వెతకడం మొదలుపెట్టాను.

పానా దొరికింది. ఎక్కడనుకున్నారు? ఆ మేనేజరు గారి మనుషుల జీపులో, సీటు కింద. అర్ధరాత్రి వాళ్ళ మెకానిక్ లైటు టవరు బోల్టు బిగించుకోవడానికి మా పేవరు ఆపరేటరు దగ్గర తీసుకుని, ఇవ్వకుండా జీపులో పడేసుకుని కునుకు తీశాడు. పానా కనపడగానే మేనేజరు ఫోన్ చెవికి పెట్టుకుని అవతలికి నడిచాడు. సారీ లేదు, సరే అన్నమాట కూడా లేదు. తనిఖీ అయింది, నోటామ్ టైముకే రన్‌వే తెరిచారు, మొదటి విమానం ఆలస్యం కాలేదు.

నెలాఖరు బిల్లులో చూస్తే "రన్‌వే అప్పగింత ఆలస్యానికి" అని పెనాల్టీ. అడిగితే అగ్రిమెంటులో క్లాజు చూపించారు. మెయిన్ కాంట్రాక్టరు ఇంజినీరు మాటే ఫైనలట. తప్పు చేసినవాడే తీర్పరి అయితే న్యాయం ఎక్కడిది? పెద్ద కంపెనీల ఆఫీసుల్లో సేఫ్టీ బోర్డులు గోడంత ఉంటాయి. కింద పనిచేసేవాడి మాట ఆ గోడల దాకా పోదు.

పానా పోయిన మర్నాటి నుంచే మా పనిముట్లన్నిటికీ పసుపు రంగు కొట్టి నంబర్లు వేయించాను. బోర్డు మీద ప్రతిదానికీ దాని బొమ్మ గీయించాను, ఖాళీ ఉంటే దూరం నుంచే కనపడుతుంది. బయటివాడు అడిగితే, ఎంత పెద్ద ఇంజినీరైనా సరే, సంతకం పెట్టి తీసుకోవాలి. ఒకాయనకు కోపం వచ్చింది. రానివ్వండి.

కొత్తగా ఈ పనుల్లోకి వచ్చేవాళ్ళు నాకు ఫోన్ చేసి ఏ పేవరు కొనాలి, ఏ ప్లాంటు మంచిది అని అడుగుతారు. అవి అద్దెకు కూడా దొరుకుతాయి. పాసులున్న మనుషులు అద్దెకు దొరకరు. రేటు వేసేటప్పుడు రాత్రిలో ఎన్ని గంటలు నిజంగా తారు పడుతుందో అడిగి తెలుసుకుని, ఆ గంటలకే రేటు కట్టండి. రన్‌వే లైట్ల కేబుళ్ళు ఎక్కడున్నాయో డ్రాయింగు చూసి నమ్మకండి, చేత్తో గుంత తీయించి చూశాకే మిషను పెట్టండి. మెయిన్ కాంట్రాక్టరు మెషిన్లు ఎన్నున్నాయో చూడకండి, ఇదివరకు అతని కింద చేసినవాళ్ళకి పెనాల్టీలు ఎలా పడ్డాయో అడగండి. టీవీలో కనపడేది రిబ్బను కత్తిరించడం, శంకుస్థాపన. విశాఖ దగ్గర భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. మధ్యలో గడిచిన ఏళ్ళు భూములు, కేసులు, అనుమతులవి. చిన్నవాడికీ అంతే, తారు కంటే కాగితమే ఎక్కువ రోజులు తింటుంది.

సెక్యూరిటీ డిపాజిట్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, పనిలో లోపాలు బయటపడితే మనమే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ గడువు తీరేదాకా కదలదు. గొడవ పెట్టుకుంటే అదీ ఆగుతుందని మావాళ్ళు భయపెడుతున్నారు. అయినా పెనాల్టీ మీద ఇంకో ఉత్తరం రాసి, రన్‌వే ఏ టైముకి అప్పగించామో రాసి ఉన్న ఫారం జిరాక్సు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.