గుత్తి షెడ్డు చప్పుడు కోసం

పోయిన ఎండాకాలం అమ్మా నాయనా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చారు. మూడో రోజు, జెట్‌లాగ్ కాస్త తగ్గాక, నాయనను బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి నా మోడల్ రైలు చూపించాను. గోడ వారగా పన్నెండడుగుల చెక్క పలక, దాని మీద పట్టాలు, ఒక చిన్న యార్డు, ఆరు గూడ్స్ వ్యాగన్లు, వాటి ముందు జానెడు పొడవున్న ఆల్కో సీ424 ఇంజన్, ఆల్కో అనే అమెరికన్ కంపెనీ డీజిల్ ఇంజన్‌కి నమూనా. రిమోట్‌లో బటన్ నొక్కాను. ఇంజన్ స్టార్ట్ అయింది.

నాయన వంగి, చెవి దగ్గర పెట్టి రెండు నిమిషాలు విన్నాడు.

"బొమ్మ బాగుంది. కానీ ఇది ఆల్కో చప్పుడు కాదప్పా. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది."

ఆయన గుత్తి డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టర్‌గా పనిచేశాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. నిజానికి నాకూ ఏడాదిగా ఆ అసంతృప్తి ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోందో మాత్రం అంతుపట్టలేదు.

న్యూజెర్సీలో ఉన్నవాడికి గుత్తి షెడ్డుతో ఏం సంబంధం అనుకోవద్దు. మన రైల్వేల డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు మొదట వచ్చింది ఈ దేశం నుంచే. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఉన్న ఆల్కో కంపెనీ వాటిని డిజైన్ చేసింది. 1962లో తొలి ఇంజన్లు ఓడల్లో ఇండియాకు వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో మనమే తయారు చేసుకోవడం మొదలుపెట్టాం. ఆల్కో 1969లో మూతపడింది, మన దగ్గర మాత్రం ఆ ఇంజన్లు ఇంకా కొన్ని దశాబ్దాలు తయారవుతూనే ఉన్నాయి. డబ్ల్యూడీఎం-2లోనూ, అమెరికాలో తిరిగిన సీ424లోనూ గుండెకాయ ఒకటే. ఆల్కో 251 అనే డీజిల్ యంత్రం, 16 సిలిండర్లు, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బోచార్జర్. రైల్వే క్వార్టర్స్‌లో రాత్రిళ్లు నాకు జోలపాట ఆ 251 చప్పుడే. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, ఆల్కో మోడల్ దొరుకుతుందని తెలిసిన రోజు ఇంకేం ఆలోచించకుండా కొన్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఇప్పటి మోడల్ రైళ్లలో చాలా డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో నడుస్తాయి. పట్టాల్లో కరెంటుతో పాటే ఆదేశాలు కూడా వెళతాయి. ఇంజన్ లోపల డీకోడర్ అనే చిన్న బోర్డు తన నంబరుకు వచ్చిన ఆదేశం అందుకుని మోటారు తిప్పుతుంది, లైటు వెలిగిస్తుంది, నిజమైన ఇంజన్ దగ్గర రికార్డు చేసిన చప్పుళ్లు వినిపిస్తుంది. నాది ఈఎస్‌యూ కంపెనీ వాళ్ల లోక్‌సౌండ్ 5 డీకోడర్. రికార్డింగ్‌లో లోపం లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కంప్యూటర్లో వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అదే చప్పుడు ఇంజన్ లోంచి వచ్చేసరికి గులకరాళ్లు అవుతోంది.

ఆ శనివారం నాయనను పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ తీసుకెళ్లాను. రెండు గంటల డ్రైవ్. అక్కడ డెలావేర్-లాకవానా అనే చిన్న రైల్వే ఇప్పటికీ ఆల్కో ఇంజన్లనే నడుపుతోంది. పట్టాలకు దూరంగా రోడ్డు పక్కన నిలబడ్డాం. మా అదృష్టం, రెండు ఇంజన్లు కలిపిన గూడ్స్ ఒకటి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. నాయన కళ్లు మూసుకున్నాడు.

"చూడు, ఖాళీగా తిరిగేటప్పుడు సమంగా తిరగదు. గుడగుడమంటా పోయి ఒకసారి తడబడతాది. మళ్లీ అందుకుంటాది." కాసేపటికి డ్రైవర్ నాచ్, అంటే ఇంజన్ శక్తి పెంచే మీట మెట్టు, పెంచాడు. "ఇప్పుడు విను. ముందు ఇంజన్ లేస్తాది. టర్బో ఈల వెనకాల వస్తాది. బండి ఇంకా కదల్లేదు, చూసినావా?"

నల్లటి పొగ ఒక్కసారి పైకి లేచింది. తర్వాతే కప్లింగులు టకటకమని ఒకదాని వెనక ఒకటి బిగుసుకుని బండి కదిలింది. నేను చప్పుడు ఎలా ఉందో కాదు, ఎంత ఉందో గమనించాను. వంద గజాల దూరంలో అంత పెద్ద ఇంజన్ తిరుగుతుంటే మేమిద్దరం మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగాం. ఇంటికొచ్చాక లెక్కేస్తే విషయం అర్థమైంది. నా బేస్‌మెంట్‌లో రైలుకి మీటరు దూరంలో కూర్చుంటే, స్కేల్ ప్రకారం అసలు ఇంజన్‌కి 87 మీటర్ల దూరంలో ఉన్నట్టు. నేనేమో ఇంజన్ బానెట్‌కి చెవి ఆనించినంత వాల్యూమ్ పెట్టుకున్నాను.

కాబట్టి ముందు వాల్యూమ్. లోక్‌సౌండ్‌లో మొత్తం వాల్యూమ్ సీవీ 63లో, అంటే డీకోడర్‌లో 63వ నంబరు సెట్టింగ్‌లో, ఉంటుంది. గరిష్ఠం 192, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు 180. అంటే దాదాపు చివరిదాకా తిప్పే పంపుతారు. దాన్ని 60కి దించాను. చప్పుడు తగ్గడమే కాదు, గరగర కూడా సగం పోయింది. అన్నిసార్లూ దాన్ని అంత గట్టిగా అరిపించడం వల్లే ఆ చిన్న స్పీకర్ పగిలిన గొంతుతో పలికేది. తర్వాత హారన్, గంట, బ్రేకుల కీచు ఒక్కోదాన్ని విడివిడిగా సర్దాను. హారన్ మాత్రం ఇంజన్ కంటే బాగా పైన ఉండాలి, అసలు బండిలోనూ అంతే. గంట తగ్గాలి. రేడియేటర్ ఫ్యాన్ వినీ వినపడనట్టుంటే చాలు.

అయినా ఇంకా పలచగానే ఉంది. నాయన భాషలో "డబ్బా" ఇంకా పోలేదు. అప్పుడు ఇంజన్ బాడీ విప్పాను.

ఇక్కడ స్పీకర్ గురించి చెప్పాలి, నా అనుభవంలో అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది. ఇంజన్‌లో ఉన్నది షుగర్ క్యూబ్ అనే రకం. 11 మిల్లీమీటర్లు బై 15 మిల్లీమీటర్లు, సెల్‌ఫోన్లలో ఉండే స్పీకర్ల జాతి. స్పీకర్ పొర ముందుకు వచ్చినప్పుడు ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ ముందు గాలీ వెనక గాలీ ఎక్కడైనా కలిశాయంటే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ముందు చచ్చేది బరువైన, లోతైన స్వరాలే. మిగిలేది చిటపటలు. అందుకే స్పీకర్ వెనక గాలి చొరని చిన్న డబ్బా బిగిస్తారు. డబ్బా లేకుండా స్పీకర్ పనికిరాదు. డబ్బాకి సందు ఉన్నా అంతే.

నా డబ్బా కంపెనీ నుంచి అతికించి వచ్చిందే. భూతద్దం పెట్టి చుట్టూ చూశాను. మూడు వైపులా బాగుంది. నాలుగో వైపు, వైర్లు బయటకొచ్చే చోట, సూది మొన దూరేంత సందు. ఏడాదిగా నన్ను ఏడిపించింది అది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు టూత్‌పిక్ కొసకి తీసుకుని వైర్ల చుట్టూ పెట్టాను, ఇంకో పొర డబ్బా అంచు పొడుగునా రాశాను. రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున వేలికొనతో పొరను తాకీ తాకనట్టు నొక్కితే లోపలి గాలి ఎదురు తన్నింది. అంతకుముందు మెత్తగా లోపలికి పోయేది.

ఈ పనిలో ఒక జాగ్రత్త. చాలా డీకోడర్లలో స్పీకర్ వైర్లు రెండూ ఆంప్లిఫయర్ నుంచే వస్తాయి, వాటిలో ఏదీ ఎర్త్ కాదు. ఊడిన వైరు ఇంజన్ లోహపు చట్రానికి తగిలితే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. రెండేళ్ల కింద ఒక డీకోడర్ అలాగే పోగొట్టుకున్నాను. ఇంజన్ కదులుతుంది, లైట్లు వెలుగుతాయి, గొంతు మాత్రం శాశ్వతంగా పోయింది. ఇప్పుడు సోల్డర్ చేసిన ప్రతి అతుకు మీదా వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబ్ వేయకుండా పట్టాల మీద పెట్టను.

బాడీ మళ్లీ బిగించి నడిపితే చప్పుడుకి ఒళ్లు వచ్చింది. కానీ నాలుగో నాచ్ దగ్గర కొత్తగా ఒక జుయ్యిమనే మోత. నాయన ఇంజన్ పైకప్పు మీద ఒక్కో చోట వేలు పెడుతూ వెళ్లాడు. డ్రైవర్ క్యాబిన్ దగ్గర వేలు పెట్టగానే మోత ఆగింది. కిటికీ ప్లాస్టిక్ అద్దం వదులైంది. ఒక బొట్టు జిగురుతో పోయింది. షెడ్డులో పైపు క్లాంపులు వదులైనా ఇట్లాగే పట్టుకునేవాళ్లం అన్నాడు.

ఇక కదలిక. స్క్రాంటన్‌లో చూసిన ఆ క్రమం, ముందు ఇంజన్ లేవడం, తర్వాత బండి కదలడం, అది వస్తేనే బరువు లాగుతున్నట్టు అనిపిస్తుంది. సీవీ 3 పెంచితే ఇంజన్ నిదానంగా వేగం అందుకుంటుంది. అది పెంచాను. దాంతోపాటు లోక్‌సౌండ్‌లో డ్రైవ్ హోల్డ్ అనే సదుపాయం ఉంది. అది నొక్కితే బండి అప్పుడున్న వేగంతోనే పోతూ ఉంటుంది, ఇంజన్ చప్పుడు మాత్రం నాబ్ తిప్పినట్టు ఎక్కుతుంది, దిగుతుంది. బరువైన గూడ్స్ ఎత్తు ఎక్కుతూ ఎనిమిదో నాచ్‌లో మూలుగుతూ అదే నెమ్మది వేగంతో పోవడం దీనితో అచ్చు దిగుతుంది. నాయన మధ్యాహ్నం భోజనం అయ్యాక దిగొచ్చి రోజూ గంటసేపు దీంతోనే ఆడేవాడు. పట్టాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవడం కూడా ఆయనే పెట్టుకున్నాడు. పట్టా మీద మురికి ఉంటే కరెంటు క్షణం తెగి ఇంజన్ గుక్కతిప్పుకోలేనట్టు ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంది. చప్పుడు ఎంత బాగున్నా అక్కడ మొత్తం భ్రమ చెదిరిపోతుంది.

"హారన్ మనది కాదు" అన్నాడొకసారి. నిజమే, అది అమెరికన్ హారన్. మార్చలేదు. ఇంజన్ అమెరికాది, దాని గొంతు దానికుండాలి.

వెళ్లే ముందు వారం నాయన ఇంకో పని చేశాడు. ఇంజన్ ఖాళీగా తిరుగుతుంటే అరచేయి చెక్క పలక మీద ఆనించి చాలాసేపు ఉంచాడు. "చప్పుడు వచ్చింది. అదురు రాలేదప్పా. షెడ్డులో అడుగుపెడితే ముందు కాళ్లకి తెలుస్తాది."

కాగితం తీసి లెక్క వేశాను. 251 ఖాళీగా నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్, 16 సిలిండర్లు, కాబట్టి చుట్టుకి ఎనిమిది పేలుళ్లు. సెకనుకి దాదాపు 53. పూర్తి నాచ్‌లో 1000 చుట్లు, సెకనుకి 133. గోరంత స్పీకర్ కొన్ని వందల హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని కంపనాలు) కింద దాదాపు ఏమీ పలకదు. మనం ఆల్కో అని గుర్తుపడుతున్నది ఆ మూల స్వరం మీద కట్టుకున్న పై స్వరాలనే. అడుగున ఉన్నది ఇంజన్‌లో పట్టదు. అందుకే సీవీ 196లో బాస్ పెంచకుండా కాస్త తగ్గించాను. పలకలేనిదాన్ని పలకమని బలవంతం చేస్తే పలకగలిగేది కూడా చెడుతుంది.

అయితే ఆ 53 ఇంజన్‌లోంచే రావాలని లేదు. అదే సౌండ్ ఫైలు, అదే నంబరు పెట్టిన రెండో డీకోడర్ పలక కింద ఉంచి, కారు ఆడియోలో స్పీకర్ సిగ్నల్‌ను తగ్గించి అందించడానికి వాడే లైన్ కన్వర్టర్ ద్వారా, లోతైన స్వరాలు పలికే ఒక చిన్న సబ్‌వూఫర్‌కి ఇద్దామని పని మొదలుపెట్టాను. కింది స్వరాలు మాత్రమే, అదీ చాలా తక్కువలో. చెవికి విడిగా వినిపించకూడదు. సబ్‌వూఫర్ పెట్టె నిన్న వచ్చింది. నాయన గుత్తి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు, పలక మీద చేయి పెట్టి చూసినావా అని.