పెట్టింది తినమన్నాడు ప్రభువు

"మరియు మీరు ఏ పట్టణములోనైనను ప్రవేశించునప్పుడు వారు మిమ్మును చేర్చుకొంటే మీ ముందర పెట్టినవి తినుడి." (లూకా 10:8)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

సేవకు బయలుదేరే ముందు నాకు చాలా వాక్యాలు ఇచ్చి పంపారు. సంఘ పెద్దలు మత్తయి 28 చదివి ప్రార్థన చేశారు. యౌవనస్థులు యెషయా ఆరో అధ్యాయంలోని "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము" అన్న మాట ఫ్రేము కట్టించి చేతిలో పెట్టారు. ఈ లూకా వాక్యం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కానీ ఈ రెండేళ్లలో పూటపూటకీ నాకు పని చెప్పిన వాక్యం ఇదే.

నేను ఉంటున్నది పాపువా న్యూగినీలో, సెపిక్ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో. వీవాక్ పట్టణం నుంచి ముందు ట్రక్కులో, తర్వాత మోటారు కట్టిన దోనెలో రావాలి. ఈ దేశంలో ఎనిమిది వందలకు పైగా భాషలున్నాయి. ఒక ఊరి మాట పక్క ఊరికి తెలియదు. అందరినీ కలిపేది టోక్ పిసిన్ అనే భాష. నేను వాక్యం చెప్పేది, పిల్లలకు అక్షరాలు దిద్దించేది ఆ భాషలోనే. మనవాళ్లలో సముద్రం దాటి సేవకు వెళ్లినవాళ్లు చాలాకాలం క్రితమే ఉన్నారు. 1903లో తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అయితే ఆయన వెళ్లింది అక్కడ తోటల్లో కూలికి చేరిన తెలుగువాళ్ల దగ్గరికి. దిగిన రోజే నోరు విప్పి మాట్లాడగలిగి ఉంటారు. నాకు ఇక్కడ మొదటి మూడు నెలలు నోరు పనికొచ్చింది తినడానికే.

మొదటి రోజు సాయంత్రం నన్ను చేర్చుకున్న ఇంటి పెద్దావిడ (ఇక్కడ పెద్దావిడను మామా అంటారు, అంటే అమ్మ అని) నా ముందు ఒక ఆకు పరిచింది. గిన్నెలో తడి పిండి, పక్కన సలసల కాగే నీళ్లు. నీళ్లు పోస్తూ కర్రతో గిరగిరా తిప్పింది. తెల్లటి పిండి చూస్తుండగానే రంగు మారి, జిగురెక్కి, జావకంటే గట్టిగా, ముద్దకంటే పలచగా తయారైంది. రెండు పుల్లలతో చుట్టి ముద్దలు ముద్దలుగా ఆకు మీద వేసి, పక్కన పొగబెట్టిన చేప పెట్టింది. అది సాక్‌సాక్. సాగో చెట్టు పూతకు రాబోయే ముందు నరికి, మాను చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని పొట్టులా కొడతారు. ఆ పొట్టును నీళ్లతో పిసికి వడగడతారు. అడుగున పేరుకున్న పిండే ఈ నది ఒడ్డు వాళ్లకు అన్నం.

ఆ ముద్దకు ఉప్పు లేదు, కారం లేదు. గొంతులో జారిపోతుంది, నమలడానికి ఏమీ ఉండదు. కానీ నోట్లో పెట్టుకోకముందే దాని వాసన నన్ను పట్టుకుంది. నానిన పిండి పులుపు వాసన. అది మా నాన్న చొక్కా వాసన.

మాది సామర్లకోట దగ్గర పల్లె. అటువైపు కర్రపెండలం దుంప నుంచి సగ్గుబియ్యం చేసే మిల్లులున్నాయి. నాన్న అలాంటి మిల్లులో కూలికి వెళ్లేవాడు. తొట్లలో పిండి తేరుకునే నీళ్ల దగ్గర రోజంతా నిలబడి వచ్చేసరికి చొక్కా నిండా ఆ పులుపు వాసనే. చిన్నప్పుడు దగ్గరికి తీసుకుంటే ముఖం పక్కకు తిప్పుకునేవాడిని. మనం సగ్గుబియ్యం అంటున్నదానికి ఆ పేరు వచ్చింది ఈ సాగో చెట్టు నుంచే. ఇన్ని వేల మైళ్లు వచ్చాక, ఒక పరాయి తల్లి ఆకు మీద దేవుడు మా నాన్న చెమటను నా ముందు పెట్టాడు. కళ్లు నిండాయి. పొగకేమో అనుకుని ఆవిడ పొయ్యి అవతలికి జరిపింది.

ఆ రాత్రి లాంతరు వెలుగులో లూకా పదో అధ్యాయం మొదటి నుంచి చదివాను. ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపుతూ చెప్పిన మాటలు. వాటి వరస మీద నేనెప్పుడూ మనసు పెట్టలేదు. ఇంట్లో అడుగు పెట్టగానే "ఈ యింటికి సమాధానమగు గాక" అనాలి. ఆ ఇంట్లోనే ఉండాలి. వాళ్లిచ్చింది తిని తాగాలి. ఆ తర్వాత పట్టణం విషయం ఎత్తి, మీ ముందర పెట్టినవి తినుడి అని మళ్లీ చెప్పాడు. రోగులను స్వస్థపరచమని ఆ తర్వాత అన్నాడు. దేవుని రాజ్యము మీ దగ్గరకు వచ్చియున్నదని చెప్పడం ఆ తర్వాతే. తినమని రెండుసార్లు చెప్పాకే మాట్లాడమన్నాడు. బల్ల దగ్గర చెయ్యి చాచి పుచ్చుకోలేని మనిషి నోటి నుంచి రాజ్యం గురించి వినడం కష్టమని ఆయనకు తెలుసు. ఆయన కూడా మత్తయి ఇంట్లో తిన్నాడు, జక్కయ్య ఇంట్లో దిగాడు. సమరయ స్త్రీతో సంభాషణ మొదలుపెట్టింది "నాకు దాహమునకిమ్ము" అనే.

అన్నీ సాక్‌సాక్ అంత సులువు కాలేదు. పడిపోయిన సాగో మానులో పురుగులు పుడతాయి. బొటనవేలంత లావు, తెల్లగా, మెత్తగా ఉంటాయి. ఇక్కడ అవి పండగ తిండి. అతిథి వస్తే ఏరి, పుల్లకు గుచ్చి కాల్చి పెడతారు. మొదటిసారి నా ఆకులో ఐదు పెట్టారు. ఇంటి పిల్లలకు ఒక్కొక్కటే. ఆ లెక్క చూశాక వద్దనే ధైర్యం రాలేదు. కానీ చెయ్యి కదల్లేదు.

అప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది. తొలకరి వాన పడ్డ సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు మూగితే, పళ్లెంలో నీళ్లు పోసి పట్టి, రెక్కలు రాల్చి, పెనం మీద వేయించి పెట్టేది. ఎంత ఇష్టంగా తినేవాళ్లమో. ఒకసారి ఆ సంగతి బళ్లో చెప్పాను. పక్కన కూర్చున్న పిల్లాడు జరిగి కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. మా తిండిని చూసి జరిగి కూర్చున్నవాళ్ల సంగతి నాకు అంత బాగా తెలిసుండి, ఈ ఆకు ముందు నేను జరిగి కూర్చుంటానా? పేతురుకు మేడ మీద వినబడిన మాట నాకూ వినబడింది: "దేవుడు పవిత్రము చేసినవి నీవు నిషిద్ధమైనవిగా ఎంచవద్దు." ఐదూ తిన్నాను. కాల్చిన కొబ్బరిలా ఉన్నాయి. నిజంగానే బాగున్నాయి.

నాయనమ్మ ఇంకో సంగతి కూడా చెప్పేది. ఆవిడ పిల్లగా ఉన్నప్పుడు మా పేటకు ఒక దొర వచ్చాడట. ఊళ్లోవాళ్లెవరూ మా పేటలో నీళ్లు ముట్టని రోజులు. ఆ దొర మా ఇంటి ముందు కుక్కి మంచం మీద కూర్చుని, మా వాళ్ల చేతి గంజి అడిగి పుచ్చుకుని, గిన్నె ఖాళీ చేసి ఇచ్చాడట. ఆయన పేరు నాయనమ్మకు తెలియదు. ఆ రోజు ఏ వాక్యం చెప్పాడో గుర్తులేదు. గంజి తాగాడన్నది మాత్రం చనిపోయే దాకా చెప్పింది. మా ఇంట్లో విశ్వాసం ఆ గంజి గిన్నె దగ్గర మొదలైందని నేను నమ్ముతాను.

మా గోదావరి వైపు వచ్చిన తొలి తరం మిషనరీల్లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఉన్నారు. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి భార్యలతో ఓడెక్కి వచ్చిన యువకులు. నర్సాపురంలో స్థిరపడి తెలుగు నేర్చుకున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలుసు. వాళ్ల ముందు మొదటి పూట అన్నం పెట్టినవాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు, అది నాకు బాధ. ప్రభువు మాటలో "వారు మిమ్మును చేర్చుకొంటే" అని ఉంది కదా. చేర్చుకున్నవాళ్లు లేకపోతే ఏ మిషనూ లేదు. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగు విశ్వాసి అప్పటికే సేవ చేస్తూ పిలవబట్టే 1874లో జాన్ మెక్‌లారిన్ గారు అక్కడికి వచ్చారు, కెనడా బాప్టిస్టుల సేవ మొదలైంది. పిలిచిన మనిషిని తలుచుకోవడం నేర్చుకుంటే మా బోటి వాళ్లకు చాలా మంచిది.

రోజు ఎలా గడుస్తుందని అందరూ అడుగుతారు. తెల్లవారకముందే లేస్తాను. దోమతెర లోపలే ప్రార్థన, వాక్యం. వాననీళ్ల ట్యాంకు దగ్గర ముఖం కడుక్కుని పిల్లల బడికి వెళ్తాను. మధ్యాహ్నం ఇక్కడి పాస్టరు గారితో దోనెలో పక్క ఊళ్లకు. ఎవరింట్లోనో జబ్బు, ఎవరింట్లోనో తగాదా, ఎక్కడో దుఃఖం. ఎక్కువసేపు కూర్చుంటాం, తక్కువ మాట్లాడతాం. సాయంత్రం పాటలు. సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లినప్పుడు ఇంటికి ఫోన్. ఇక్కడ రాత్రి ఏడైతే అక్కడ మధ్యాహ్నం రెండున్నర. అమ్మ అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ఏం తిన్నావు నాన్నా?" సంఘంలో ఎంతమంది చేరారని అమ్మ ఇంతవరకూ అడగలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

వచ్చిన ఆరో నెలలో మొదటిసారి ఆదివారం వాక్యం చెప్పమన్నారు. రోమా 5:8 తీసుకున్నాను. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను." వారం రోజులు టెన్షన్‌తో తయారయ్యాను. నాకిచ్చిన చిన్న నేర్చుకునే పుస్తకంలో ఇంగ్లిష్ 'వుయ్'కి ఎదురుగా 'మిపెలా' అని ఒక్క మాటే ఉంది. వాక్యమంతా మిపెలా, మిపెలా అనే చెప్పాను. జనం శ్రద్ధగా విన్నారు. ఎవరూ నవ్వలేదు. నాకు సంతోషంగా ఉంది.

ఆరాధన అయ్యాక మామా నా దగ్గరకు వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "బాబూ, యేసు మీ కోసం చనిపోయాడని చెప్పావు. చాలా మంచిది. మరి మా సంగతి?"

అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. టోక్ పిసిన్‌లో 'మిపెలా' అంటే మేము. వినేవాళ్లు అందులో ఉండరు. వినేవాళ్లను కూడా కలుపుకుంటే 'యుమి' అనాలి. అంటే మనం. తెలుగులో ఉన్న తేడాయే, అచ్చంగా అదే. ఉగ్గుపాలతో నేర్చుకున్న తేడా. ఇంగ్లిష్ పుస్తకం మీదుగా నేర్చుకుంటూ నా సొంత భాషలో ఉన్నదాన్ని మరిచిపోయాను. ఒక గంట సేపు నిలబడి, క్రీస్తు మా కొరకు చనిపోయెను అని, నాకు ఆర్నెల్లు అన్నం పెట్టిన మనుషుల ముందు ప్రకటించాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు వ్యాకరణంలోనే ఉందా, నాలోనే ఉందా అని ప్రభువును అడిగాను. నేను ఇచ్చేవాడిని, వీళ్లు పుచ్చుకునేవాళ్లు అన్న భావం ఎక్కడో అడుగున పిండిలా పేరుకుని ఉంది. తినేటప్పుడు కూడా వాళ్ల కోసం తింటున్నానని అనుకున్నానే తప్ప, ఆకలేసి తింటున్నానని ఒప్పుకోలేదు.

ఒప్పుకునేలా చేసింది జ్వరం. తర్వాతి నెల మలేరియా వచ్చి పదకొండు రోజులు పడుకున్నాను. చలికి పళ్లు టకటకా కొట్టుకుంటే మామా తన దుప్పటి కూడా నా మీదే కప్పింది. క్లినిక్ నుంచి మందులు తేవడానికి ఇద్దరు కుర్రాళ్లు రాత్రంతా దోనె తోసుకుంటూ వెళ్లారు. మోటారుకు పెట్రోలు లేదు. లేత కొబ్బరి బొండం కొట్టి చెంచాతో పోశారు. ఆ పదకొండు రోజులూ నేను ఒక్క వాక్యం చెప్పలేదు, ఒక్క అక్షరం దిద్దించలేదు. ముందర పెట్టినవి తినడం తప్ప ఏమీ చేయలేదు. లేచి మొదటిసారి పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చున్న సాయంత్రం మామా ఆకు పరిచి, నన్ను ప్రార్థన చేయమంది. ఒంట్లో శక్తి లేదు, సొంత మాటలు కూడలేదు. నోటికి వచ్చిన పరలోక ప్రార్థన మొదలుపెట్టాను.

పాపా బిలోంగ్ మిపెలా.

నోట్లోంచి మాట వచ్చాక ఆగిపోయాను. మళ్లీ మిపెలా అన్నాను. కానీ ఇక్కడ అదే సరైన మాట. మనం తెలుగులో "పరలోకమందున్న మా తండ్రీ" అంటాం, మన తండ్రీ అనం, ఎందుకంటే వింటున్నది దేవుడు. ఆ రోజు గుడిలో మామాను బయట నిలబెట్టిన మాట, దేవుని వైపు తిరిగేసరికి ఆమెను లోపలికి తీసుకుంది. ఆమె, ఆ కుర్రాళ్లు, చెంచా పట్టిన పిల్ల, నేను, అందరం ఆ ఒక్క 'మా'లో ఉన్నాం. నేను ఆగిపోతే ఇంట్లోవాళ్లంతా ప్రార్థన అందుకున్నారు. అనుదినాహారం అన్న చోట వాళ్ల మాట 'కైకై'. అంటే తిండి, మామూలు తిండి. పిల్లలు ఆ మాట కాస్త గట్టిగా అన్నారు.

ఆమేన్ అన్నాక మామా ముద్ద చుట్టి నా ఆకు మీద వేసింది. ఇంకా కావాలని నేనే అడిగాను.