క్యోటో ముసురులో తెల్లబడ్డ ఫిల్ములు

జూన్ వచ్చిందంటే క్యోటోలో త్సుయు మొదలు. మన ముసురు లాంటిదే, కాకపోతే నెలకు పైగా వదలదు. ఇక్కడి ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరిన మొదటి ఏడు, ఆ త్సుయులోనే నా ఫిల్ములు, అంటే ల్యాబ్‌లో పోసి ఆరబెట్టే పలుచని పొరలు, వరసగా పాడయ్యాయి.

నేను పనిచేసేది పాలీ బెంజైల్ గ్లూటమేట్ మీద. ప్రోటీన్ల తరహాలోనే అమైనో ఆమ్లాలను గొలుసుగా కలిపి తయారుచేసే సింథటిక్ పాలీపెప్టైడ్ ఇది. ఇందులో ఉండేది ఒకే అమైనో ఆమ్లం, గ్లూటమిక్ ఆమ్లం. మన ఊళ్లలో ఫ్రైడ్ రైస్ బండి దగ్గర చల్లే టేస్టింగ్ సాల్ట్ కూడా దాని నుంచి వచ్చిందే. కొంబు అనే సముద్రపు నాచు రసానికి ఆ రుచి ఎక్కడిదో 1908లో కనిపెట్టిన కికునాయె ఇకెడా పుట్టింది ఈ క్యోటోలోనే.

తెల్లటి పొడిగా ఉండే ఈ పాలీపెప్టైడ్‌ను క్లోరోఫాం అనే ద్రవంలో కరిగించి గాజు పళ్లెంలో పోస్తే, క్లోరోఫాం ఆవిరై అద్దంలాంటి పొర మిగలాలి. నాకు మిగిలింది సున్నం పూసినట్టున్న పొర. పట్టకారుతో లేపబోతే అంచు దగ్గరే చిట్లింది. పొడి పాడైందేమోనని మళ్లీ శుభ్రం చేశాను. అయినా అదే తెలుపు. మూడో వారానికి టెన్షన్‌తో నిద్ర పట్టడం మానేసింది.

మా ల్యాబ్‌లో రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ టెక్నీషియన్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ పళ్లేన్ని వెలుతురుకు ఎత్తి చూసి, కిటికీ వైపు, వాన వైపు చెయ్యి చూపించారు. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరయ్యే తొందరలో పొర పైభాగాన్ని చల్లబరిచేస్తుంది. చల్లని గ్లాసుకు చెమట పట్టినట్టు గాలిలోని తేమ దాని మీద సన్నటి బొట్లుగా దిగుతుంది. ఆ బొట్లు ఆరిన చోట గుంటలు. నేను చూసిన తెలుపు అదే.

ఆవిడ పళ్లేన్ని తేమ తీసే మెషిన్ ఉన్న చిన్న గదిలోకి మార్చి, పైన గరాటు బోర్లించి, దాని సన్నని గొట్టంలో టిష్యూ దూర్చారు. "మొత్తో యుక్కురి," అన్నారు. ఇంకాస్త నెమ్మదిగా అని.

నెమ్మది దేనికో ఆ తర్వాత నెలల్లో అర్థమైంది. ఈ గొలుసు చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాల లెక్కన మెలి తిరిగి, గట్టి పుల్లలా నిలబడుతుంది. క్లోరోఫాం, డయాక్సేన్, డీఎంఎఫ్ లాంటి సాల్వెంట్లు, అంటే కరిగించే ద్రవాలు, ఆ మెలిని ముట్టుకోవు. ట్రైఫ్లోరో అసిటిక్ ఆమ్లంలో వేస్తే మాత్రం మెలి విడిపోయి దారపు చిక్కులా అయిపోతుంది. పుల్లలున్న ద్రావణం చిక్కబడేకొద్దీ అవి వాటంతట అవే ఒకే వైపుకు సర్దుకుంటాయి. పొరకూ పొరకూ కాస్త కాస్త తిరుగుతూ మెట్లలా పేరుకుంటాయి. 1950లలో ఇంగ్లండ్‌లో కాన్మార్ రాబిన్సన్ గమనించిన సంగతి ఇది. డయాక్సేన్‌లో ఆ మెట్లు కుడికి తిరిగితే, డైక్లోరోమీథేన్‌లో ఎడమకు. పొడి మారలేదు, సాల్వెంట్ మారిందంతే! ఇది చదివిన రాత్రి నేను ల్యాబ్ నుంచి ఇంటికి నడుచుకుంటూ వెళ్లాను, బస్సు సంగతే గుర్తు రాలేదు.

సాల్వెంట్ తొందరగా వెళ్లిపోతే ఆ పుల్లలు సర్దుకునే లోపే బిగుసుకుపోతాయి. డీఎంఎఫ్ మరిగేది 153 డిగ్రీల దగ్గర, కాబట్టి రోజుల తరబడి ఆరుతుంది. అలా ఆరిన మా ఫిల్ముల్లో, పుల్లలు ఎంత వరసగా సర్దుకున్నాయో చెప్పే ఎక్స్‌రే శిఖరాలు పదునుగా వచ్చాయి. కానీ డీఎంఎఫ్ లోపల ఎక్కడో దాక్కుని ఉండిపోతుంది. దాన్ని వ్యాక్యూమ్ ఓవెన్‌లో పూర్తిగా రాబట్టకుండా ఫిల్ము సాగుడు కొలిస్తే ఆ కొలతను నమ్మకూడదు. ఇది మాత్రం గట్టిగా చెబుతాను.

మా పెద్దమ్మది ఆత్రేయపురం, పూతరేకులు తీస్తుంది. ఆదివారం ఫోన్‌లో ఈ గొడవంతా చెబితే, "ముసురు పట్టినప్పుడు రేకు తీస్తారటే ఎవరైనా?" అంది. ఆ రోజుల్లో ఆవిడ తీసిన రేకుల్ని కూడా డబ్బా దాటి బయట పెట్టనివ్వదు.

గరాటు కింద రెండు రోజులు ఆరిన ఫిల్ము చిట్లకుండా ఒక్క ముక్కగా లేచింది. వెలుతురును ఒకే దిశలో వదిలే రెండు పోలరైజర్ల మధ్య పెట్టి తిప్పితే పసుపు, నీలం, మళ్లీ పసుపు. టెక్నీషియన్ గారు కూడా వచ్చి చాలాసేపు తిప్పి చూశారు. ఆ రోజే నోట్‌బుక్‌లో, సాల్వెంట్ పేరు పక్కన, గాలిలో తేమ శాతం కోసం కొత్త గడి గీశాను.