రాని క్లాసుకు వచ్చిన ఫీజు

పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున్నే నా స్టూడెంట్ తల్లి మెసేజ్ పెట్టింది. బాబుకు జ్వరం, ఈరోజు క్లాసుకు రాలేడు, సారీ అని. పర్వాలేదు, తగ్గాకే పంపండి అని రాశాను. సాయంత్రానికి నా అకౌంట్లో 20 పౌండ్లు పడ్డాయి. పొరపాటున వేశారేమో అనుకుని తిరిగి పంపబోతే ఆమె ఫోన్ చేసింది. ‘ఆ అరగంట మీరు మా అబ్బాయి కోసం ఉంచారు, ఇంకెవరికీ ఇవ్వలేదు కదా’ అంది.

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కర్ణాటక వేణువు నేర్పుతాను. ఆ మాట విన్నాక చాలా రోజులు మనసు కుదురుగా లేదు. మొదట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత కోపం వచ్చింది. ఆ తల్లి మీద కాదు, మనందరి మీద.

హన్మకొండలో నాకు వేణువు నేర్పిన మా సార్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవారు. 1934లో మొదలైన ఆ మిల్లు మీద ఎన్ని ఇళ్ళు బతికాయో వరంగల్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. షిఫ్టు దిగి, స్నానం చేసి, వరండాలో చాప పరిచి కూర్చునేవారు. ఆకాశవాణిలో ఆయనకు బి గ్రేడ్, అంటే రేడియోలో వాయించే కళాకారుడి గుర్తింపు, ఉండేది, ఎప్పుడైనా ప్రోగ్రాం వస్తే మాకు పండుగే. ఫీజెంత అని మా నాన్న అడిగితే ‘మీకు తోచింది ఇయ్యుండ్రి’ అన్నారట. దసరాకు బట్టలు పెట్టాం, గురుపూర్ణిమకు కాళ్ళు మొక్కాం, వడ్లు పట్టిస్తే ఒక సంచి బియ్యం దింపాం. నెల ఫీజు మాత్రం ఒక నెల ఇస్తే రెండు నెలలు మరిచిపోయేవాళ్ళం. పరీక్షల ముందు పిల్లలు రారు, ఫీజూ రాదు. 2002లో మిల్లు మూతపడ్డాక ఆ ఇల్లు ఆ ‘తోచింది’ మీదే నడిచింది. అమ్మ, అంటే సార్ భార్య, ఒకసారి నన్ను కిరాణా షాపుకు పంపింది. చేతిలో పెట్టింది పైసలు కాదు, ఖాతా పుస్తకం. ఎర్ర అట్ట, దానికి దారంతో కట్టిన పెన్సిల్. లోపల రాసిన అంకెలే ఎక్కువ, కట్టేశామని కొట్టేసిన గీతలు తక్కువ.

ఇక్కడ ఫ్లూట్ వాయించేవాళ్ళందరూ సుఖంగా ఉన్నారని అనుకోవద్దు. నేను నేర్పే సెంటర్లోనే వెండి ఫ్లూట్, అంటే పాశ్చాత్య సంగీతపు ఫ్లూట్, నేర్పే ఒకావిడ ఉంది. సంగీతంలో డిగ్రీ చేసింది. సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ముప్పై దాకా ఉంటాయి, ఫ్లూట్లు మూడో నాలుగో. ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళు కదిలితే తప్ప ఖాళీ రాదు. ఖాళీ వచ్చి, ఆడిషన్ నెగ్గినా కొన్ని నెలలు ట్రయల్‌గా వాయించి మిగతా వాళ్ళకు నచ్చాలి. అందుకే ఆవిడ ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ బదులు వాయిస్తుంది, మిగతా రోజుల్లో స్కూలు నుంచి స్కూలుకు తిరుగుతూ పిల్లలను గ్రేడ్ పరీక్షలకు తయారు చేస్తుంది. ఆవిడ తిప్పలూ నా తిప్పలూ ఒకటే. కాకపోతే ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంది. ఫీజు టర్మ్ మొదట్లోనే కట్టాలి, ఒకరోజు ముందు చెప్పకుండా మానేస్తే డబ్బు వాపసు రాదు అని తల్లిదండ్రులు సంతకం పెడతారు. 1893లో పుట్టిన ఇక్కడి సంగీతకారుల సంఘం, మ్యుజీషియన్స్ యూనియన్, అలాంటి ఒప్పందాల నమూనాలు సభ్యులకు ఇస్తుంది, క్లాసుకు ఎంత తీసుకోవడం న్యాయమో కూడా చెబుతుంది. ఆ తల్లిది మంచితనమే, కాదనను. కానీ ఆ మంచితనం వెనక ఎన్నో తరాల టీచర్లు నోరు తెరిచి అడిగి అడిగి చేసిన అలవాటు ఉంది. మా సార్ తరఫున అడిగినవాళ్ళు ఎవరూ లేరు. నన్ను రాత్రుళ్ళు నిద్రపోనివ్వంది ఇదే.

ఇక్కడి మనవాళ్ళ సంగతీ చెప్పాలి. కూచిపూడి రంగప్రవేశాలకు వాయిస్తే రిహార్సల్స్‌తో కలిపి డబ్బు సరిగ్గానే వస్తుంది. బతుకమ్మకు, ఉగాదికి మాత్రం ‘మన ప్రోగ్రామే కదా అక్కా’ అంటారు. హాలుకు, సౌండ్‌కు, భోజనాలకు డబ్బు కడతారు, నాకు శాలువా కప్పుతారు. అయితే నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు చారు, పచ్చిపులుసు డబ్బాల్లో పెట్టుకుని వచ్చిందీ వాళ్ళే. ఫీజు మరవని ఆ తల్లి నన్ను ఇప్పటిదాకా ఒక్కసారి ఇంటికి రమ్మనలేదు. లెక్క తీరిపోయింది, ఇంకేం లేదన్నట్టు ఉంటుంది. నాకు అది బోసిగా అనిపిస్తుంది.

పైగా ఇక్కడ అరగంట అంటే అరగంటే. చలికి వెదురు వేణువు శ్రుతి దిగుతుంది. ఊది వేడెక్కించి, తంబూరా యాప్‌తో కలిపేసరికే కొంత సమయం పోతుంది. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, అయ్యేలోగా తలుపు బయట తర్వాతి పిల్ల షూ విప్పుతూ ఉంటుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, రాసిచ్చేది కాదు. రంధ్రం మీద వేలు ఎంత మూయాలి, ఎంత జరపాలి అన్నది నా వేలు చూసి పిల్లల వేలు పట్టుకోవాలి. మాలి అని మనం పిలుచుకునే టి.ఆర్. మహాలింగం వేణువును గొంతులా పాడించింది ఇలాంటి వేళ్ళ పనితోనే. మోహన రాగంలో ఒక్క గాంధారం, అంటే ‘గ’ స్వరం, నిలబడటానికి మా సార్ నన్ను సాయంత్రమంతా కూర్చోబెట్టారు. అమ్మ అన్నం పెట్టింది, తిన్నాక మళ్ళీ కూర్చోబెట్టారు. అలాంటి చదువు ఇక్కడ ఎంత డబ్బు పెట్టినా దొరకదని గట్టిగా అంటాను. అంటూనే ఆ ఖాతా పుస్తకం గుర్తొచ్చి మాట ఆగిపోతుంది.

సార్ దగ్గర నాతోపాటు నేర్చుకున్న తమ్ముడొకడు హన్మకొండలోనే ఉన్నాడు. వరంగల్ విద్యారణ్య సంగీత కళాశాలలో నాలుగేళ్ళ సర్టిఫికెట్, రెండేళ్ళ డిప్లొమా చేశాడు. పగలు ప్రైవేటు స్కూలు, సాయంత్రం ఇంట్లో క్లాసులు, పెళ్ళిళ్ళ సీజన్లో రిసెప్షన్ స్టేజీల మీద సినిమా పాటలు. ఫీజు నెల మొదట్లోనే తీసుకోరా అని ఫోన్ చేసి చెప్పాను.

‘నువ్వు పౌండ్లల్ల ఉండి మాట్లాడుతున్నవ్ అక్కా. ఈడ ముందుగాల పైసలడిగితే పిల్లలను తీస్కపోయి కీబోర్డు క్లాసుల ఏస్తరు.’

‘కీబోర్డు సారు ముందు తీసుకుంటలేడా? కోచింగ్ సెంటర్లకు జూన్‌లనే కడ్తలేరా?’

కాసేపు వాడు మాట్లాడలేదు. ‘మన సార్ ఎన్నడన్న అడిగిండా అక్కా?’ అన్నాడు.

‘అడగలే. అమ్మ మాత్రం అడిగితే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నదో’ అన్నాను.

పోయిన నెల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఫీజు ఒకటో తారీఖు నుంచి ఐదో తారీఖు లోపల అని. ఆ మెసేజ్ నేనే రాసిచ్చాను. కొందరు పిల్లలను మాన్పించారు. ఎక్కువమంది ఏమీ అనకుండా ఫోన్‌పే చేశారు. మెసేజ్‌లో ఒక్క వాక్యం మాత్రం వాడు తీసేశాడు, ఫీజు కట్టకపోతే క్లాసు లేదు అన్నది. ‘పిల్లగాడు ఫ్లూట్ పట్టుకొని వాకిట్లకొస్తే ఎట్ల ఎల్లగొట్టాలె అక్కా?’ అన్నాడు. దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు ఆ వాక్యం గురించి వాడితో కూర్చుని మాట్లాడాలి.